మూతలో మిగిలిన ముక్క

పాదరసమ్మ ఒకచోట కూర్చుని భోజనం చేయగా కోడలు ఇంతవరకూ చూడలేదు. పళ్లెం చేత్తో పట్టుకుని వంటింట్లో రెండు ముద్దలు, వరండాలో రెండు ముద్దలు, మిగతాది తన పనిబల్ల పక్కన నిలబడి. అరవై మూడేళ్లు వచ్చాయి, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, అయినా కాలు ఒకచోట నిలవదు.

"అత్తయ్యా, కాసేపు కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటే ఏం పుట్టి మునుగుతుంది?" అని కోడలు రోజూ అడుగుతుంది.

"కూర్చుంటే తుప్పు పడతానే," అంటుంది ఆమె, అప్పటికే ఆ గది దాటిపోతూ.

కాగితాల మీద ఆమెకు వేరే పేరుంది. పాదరసమ్మ అన్నది రేడియో ఫ్యాక్టరీలో తోటివాళ్లు పెట్టింది. పదిహేడో ఏట ఆ ఫ్యాక్టరీలో వైర్లు అతికే వరసలో చేరింది. తన బల్ల మీద పని ముగించి, పక్కావిడ బల్ల మీదికి ఎగబాకి, అదీ ముగించి, ఆవిడ చేత తిట్లు తినేది. రెండు చేతులూ రెండు పనులు చేస్తుంటే నోరు మూడో పని చేస్తుండేది. అంత చలాకీ పిల్లని చూసి వరస మొత్తం ముచ్చటపడేది, ఒక్క సూపర్‌వైజరమ్మ తప్ప.

ఎందుకంటే అవి వాల్వుల రేడియోలు. ఒక్కోదాని కడుపులో మూడొందల వోల్టులు. ఒక చేతిలోంచి దూరిన కరెంటు రెండో చేతిలోంచి బయటికి పోయిందంటే, దారిలో గుండె ఉంటుంది. అందుకని అక్కడ ఒకటే సూత్రం: ఒక చేయి సెట్టులో, రెండో చేయి జేబులో. సూపర్‌వైజరమ్మ మూడుసార్లు చెప్పింది. పాదరసమ్మ మూడుసార్లూ బుద్ధిగా తల ఊపి రెండు చేతులూ పెట్టింది. నాలుగోసారి ఆవిడ చెప్పలేదు. వైర్లు చుట్టే టేపు తీసుకుని, ఈమె ఎడమచేతిని వెనక్కి మడిచి, ఏప్రాన్ ముడికి కట్టేసింది. వారం రోజులు అలాగే పనిచేయించింది. తోటివాళ్లు ఏడిపించి చంపారు. కానీ ఆ వారం తర్వాత ఎడమచేయి దానంతటదే జేబు వెతుక్కోవడం నేర్చుకుంది.

ఆగడం మాత్రం రాలేదు. స్విచ్చి ఆపాక కూడా సెట్టు లోపల కరెంటు కాసేపు నిలవ ఉంటుంది, అది పోయేదాకా ఆగాలి. "ఎంతసేపు ఆగాలమ్మా?" అంటే "నీలాంటిదానికి నిమిషాలు చెప్పి లాభం లేదు, వంద లెక్కపెట్టు, పైకి లెక్కపెట్టు, నాకు వినపడాలి," అంది సూపర్‌వైజరమ్మ. అలా పట్టుబడింది ఆ వంద. ఇప్పటికీ ఇంట్లో ఆమె గదిలోంచి ఒకటి, రెండు, మూడు అని వినపడితే, ఏదో సెట్టు ఆపిందని కోడలికి తెలుస్తుంది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమె చేయని ఉద్యోగం లేదు. కుట్టుపని, టెలిఫోన్ ఆఫీసు, ఒక స్కూల్లో గుమాస్తా. ఏదీ ఏడాది నిలవలేదు. అవేవీ ఆమెని వదులుకోలేదు, ఈమే వాటిని వదిలేసి వచ్చింది. చివరికి పాత వాల్వు సెట్లంటే మోజుపడే మనుషులు మళ్లీ పుట్టుకొచ్చారు. ఆ ఊళ్లో వాల్వు అంటే ఏమిటో తెలిసిన చేతులు నాలుగో ఐదో మిగిలాయి. అందులో రెండు పాదరసమ్మవి.

ఆమెకు మతిమరుపు లేదు, నిలకడ లేదు. ఆ రెండూ ఒకటి కాదని ఆమె వాదన. ఒక సెట్టుకి స్క్రూ బిగిస్తూ ఇంకో సెట్టు గురించి ఆలోచిస్తుంది, ఆ ఆలోచన మధ్యలో లేచి మొక్కలకు నీళ్లు పోసి వస్తుంది. తన సంగతి తనకు తెలుసు కనకనే ఒక పద్ధతి పెట్టుకుంది. ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా మూత. సెట్టులోంచి తీసిన స్క్రూ అయినా, సెట్టులోకి వెళ్లాల్సిన కొత్త భాగమైనా ముందు ఆ మూతలోకి రావాలి. మూత ఖాళీ అయ్యేదాకా సెట్టు గడప దాటకూడదు. ముప్పై ఏళ్లుగా దాటలేదు.

ముప్పై ఏళ్ల తర్వాత దాటిన సెట్టు గడియారాలాయనది.

ఆయన డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. గడియారాలు బాగుచేసి చేసి, కింద ఉన్న దుకాణం మూసేసి, పైన రెండు గదుల్లో ఒంటరిగా ఉంటాడు. రికార్డులు వినడం ఒక్కటే ఆయన వ్యసనం. రికార్డు మీద సూది దగ్గర పుట్టే సన్నటి శబ్దాన్ని పెంచి పెద్ద యాంప్లిఫయరుకి అందించే పెట్టె ఒకటుంది, దాన్ని ప్రీయాంప్ అంటారు. ఆయన ప్రీయాంప్ వాల్వులది. పన్నెండేళ్లుగా అది జబ్బుపడితే తీసుకొచ్చేది పాదరసమ్మ దగ్గరికే. ఆమె ఆయన్ని అన్నయ్యా అంటుంది, ఆయన ఆమెని చెల్లెమ్మా అంటాడు. ఇద్దరికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఆయన పదింటికి వస్తానంటే పదింటికి తలుపు తడతాడు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. ఆయన తట్టే చప్పుడు విని కోడలు గడియారం సరిచేసుకుంటుంది.

నిన్న కూడా పదింటికే తట్టాడు. సరిగ్గా ఆ సమయానికి పాదరసమ్మ ఆయన ప్రీయాంప్‌ని బోర్లా పడుకోబెట్టి, లోపల రంగు మారిపోయిన పాత రెసిస్టర్, అంటే కరెంటుకి కళ్లెం వేసే చిన్న ముక్క, ఒకటి కత్తిరించి చెత్తలో పారేసి, దాని స్థానంలోకి కొత్తది తీసి, దాని రెండు తీగకాళ్లూ కొలతకి వంచి, మూతలో పెట్టింది. ఇక అతకడమే తరువాయి. అప్పుడు తలుపు చప్పుడైంది.

ఆయన చంటిపిల్లని ఎత్తుకొచ్చినట్టు ఒక పొట్లం ఎత్తుకొచ్చాడు. న్యూస్‌పేపర్లో చుట్టిన రెక్టిఫయర్ వాల్వు. గోడలోంచి వచ్చే కరెంటు ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది, దాన్ని ఒకే దిక్కుకి నడిపించేది ఈ వాల్వే. ఎవరో పాత రేడియోల మనిషి ఇంట్లో యాభై ఏళ్లుగా పెట్టెలోంచి బయటికి రాకుండా ఉన్నదట.

"చూడు చెల్లెమ్మా, ఒక్కసారి కూడా వెలగని వాల్వు ఇది."

ఆమె పేపరు విప్పి బల్ల మీదికి తోసి, వాల్వుని వెలుతురుకి పట్టి, నంబరు చదివింది. "సాకెట్‌లో దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు అన్నయ్యా. కొన్నిటికి కాళ్లు అలాగే ఉంటాయి, వెలగడానికి మాత్రం ఒకటిన్నర రెట్లు కరెంటు లాగి ట్రాన్స్‌ఫార్మర్ని కాల్చేస్తాయి. ఇది ఫరవాలేదు. మీ పాతదానికి కవలపిల్ల."

"అయితే నేనే మారుస్తాను. రేపు పదకొండింటికి."

"పద్ధతిగా మార్చండి మరి. ముందు సెట్టులో ఉన్న మిగతా చిన్న వాల్వులన్నీ తీసి పక్కన పెట్టండి. ఇన్నేళ్లు పడుకున్న వాల్వు ఎలా లేస్తుందో తెలీదు, పిచ్చి లేస్తే వాటిని కూడా కాలుస్తుంది. ఇదొక్కటే పెట్టి పది నిమిషాలు వెలిగించండి. మెరుపులు రాకపోతే మంచిదే. ఆపండి, ప్లగ్గు పీకండి, వంద లెక్కపెట్టండి. చల్లారనిచ్చి గుడ్డతో కింద పట్టుకుని మెల్లిగా ఊపుతూ తీయండి, గాజు పట్టుకోవద్దు. కాళ్లకి పట్టిన పాచి ఆ వేడికి వదిలి ఉంటుంది, తుడవండి. సాకెట్ రంధ్రాలు కూడా కర్రపుల్లతో శుభ్రం చేయండి. మీ ఇనప సూది కాదు, కర్రపుల్ల!"

"సరే సరే." గడియారాలాయన తన చిన్న పుస్తకంలో వరసగా రాసుకున్నాడు. కర్రపుల్ల దగ్గర మాత్రం ఆయన పెన్సిలు ఆగింది, అది ఆమె చూసింది. అరవై ఏళ్లు సూదిమొన సామాన్లు పట్టిన చేతికి కర్రపుల్ల నామోషీ.

"ఫోను ఆపెయ్యండి. దగ్గరుంటే సెట్టు గురగురమంటుంది."

ఇదంతా చెబుతూ ఆమె ఊరికే ఉందా? ఊరికే ఉంటే ఆమె పాదరసమ్మ ఎందుకవుతుంది. ఒకరు నిలబడి ఉంటే తను పని ఆపడం ఆమెకు చేతకాదు. మాట్లాడుతూనే ప్రీయాంప్ అడుగురేకు మూసింది, చూడకుండానే పేపరు కింద మూతలో తడిమి స్క్రూలు తీసి బిగించింది, తిప్పి నిలబెట్టింది, పాత వాల్వుతోనే ఒక రికార్డు ముక్క వినిపించింది. పాట హాయిగా పలికింది. ఆయన సెట్టుని గుడ్డసంచీలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఈ ఉదయం పది దాటాక, బల్ల సర్దుతూ, ఆమె ఆ న్యూస్‌పేపరు తీసింది. కింద మూత ఉంది. మూతలో, కాళ్లు వంచుకుని, కొత్త రెసిస్టర్ ఉంది.

పాదరసమ్మకి గుండెల్లో రాయి పడింది.

ఆ ముక్క వేలి కణుపంత ఉంటుంది. దాన్ని బ్లీడర్ అంటారు. అది లేకపోయినా పాట పలుకుతుంది, ఒక్క స్వరం కూడా తేడా రాదు, అదే దాంతో వచ్చిన చిక్కు. వాల్వు నడిపించిన కరెంటు కండెన్సర్లలో నిలవ ఉంటుంది, మేడ మీది ట్యాంకులో నీళ్లలాగా. స్విచ్చి ఆపితే ట్యాంకు నిండడం ఆగుతుంది, ఖాళీ అవదు. ఈ ముక్క దానికి సన్నగా కారే కుళాయి. వంద లెక్కపెట్టేలోపు ట్యాంకు ఎండిపోయేది దీని పుణ్యమే. ఇది లేకపోయినా మామూలుగా చిన్న వాల్వులు ఆ కరెంటుని తాగేస్తాయి. నిన్న పాట వినిపించినప్పుడు జరిగింది అదే. కానీ చిన్న వాల్వులు కూడా తీసేసి, రెక్టిఫయర్ ఒక్కటే పెట్టి వెలిగిస్తే? ట్యాంకు మూతిదాకా నిండుతుంది. తాగేవాళ్లు లేరు, కుళాయి లేదు. వంద కాదు, వెయ్యి లెక్కపెట్టినా అలాగే ఉంటుంది. వాల్వు తీసేశాక ఆ సాకెట్‌లో ఒక రంధ్రం నేరుగా ఆ ట్యాంకులోకే దారి. ఆ రంధ్రంలో ఆయన ఇనప సూది పెడతాడు.

చిన్న వాల్వులు తీయమన్నది తనే. వంద చాలన్నది తనే. ఫోను ఆపమన్నది కూడా తనే.

గడియారం పదీ పది చూపిస్తోంది. ఆయన పదకొండింటికి అన్నాడంటే పదకొండింటికే. ఫోను చేసింది. స్విచ్చాఫ్. మళ్లీ చేసింది. స్విచ్చాఫ్.

"అమ్మాయ్, ఈ నంబరుకి చేస్తూనే ఉండు," అని కోడలి చేతిలో చీటీ పెట్టి, వోల్టులు చూసే మీటరూ, టంకం పెట్టే ఐరనూ, టంకం తీగా సంచీలో పడేసి, ఏం తోచిందో మూతని కూడా ఆ ముక్కతో సహా పట్టుకుని బయల్దేరింది.

"ఎత్తితే ఏం చెప్పాలి అత్తయ్యా?"

"ముట్టుకోవద్దని చెప్పు! దేన్నీ ముట్టుకోవద్దని!" వీధి మలుపులోంచి వినపడింది.

బస్సులో నలభై నిమిషాల దారి. సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేదు, ముళ్ల మీద ఉన్నట్టు డ్రైవరు వెనక నిలబడింది. రెండు స్టాపులు బాగానే వెళ్లింది. మూడో స్టాపు దాటాక రైలు గేటు పడింది. గూడ్సు బండి. ఒక్కో పెట్టె తీరిగ్గా కదులుతోంది. పాదరసమ్మ పెట్టెలు లెక్కపెట్టింది. ముప్పై నాలుగు దాకా లెక్కపెట్టేసరికి బండి ఆగిపోయింది. ఆగిపోయి అక్కడే ఉంది.

"ఎంతసేపు బాబూ?"

"అది దాని ఇష్టమమ్మా," అన్నాడు కండక్టరు, టికెట్ల కట్ట సర్దుకుంటూ. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. అతనికేం తెలుసు పాపం, అవతల ఒక ముసలాయన చేతి గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడని.

ఆమె దిగిపోయింది. మోకాళ్లు ఏడుస్తుంటే పట్టాల మీది వంతెన ఎక్కింది, దిగింది, అవతల బస్సులు లేవు, నడక అందుకుంది. పావుగంట నడిచాక వెనక హారన్ మోగింది. గేటు తీశారు. తను దిగిన బస్సే తనని దాటుకుని వెళ్లిపోతుంటే కిటికీలోంచి కండక్టరు జాలిగా చూశాడు. చేయి ఊపినా స్టాపు కానిచోట ఆపలేదు. కదలకుండా కూర్చుని ఉంటే ఈపాటికి ముందుండేది. బతుకంతా ఇదే తంతు అనుకుంది పాదరసమ్మ, అనుకుని ఏడుపొచ్చినా ఏడవడానికి టైము లేక ఇంకా గట్టిగా నడిచింది.

ఒక బ్యాంకు గోడ మీది గడియారం పదకొండూ ఐదు అంటోంది. అంటే ఇప్పుడు వాల్వు వెలుగుతోంది. పదకొండూ పదికి ఆపుతాడు. పదకొండూ పన్నెండుకి వంద పూర్తి. ఆ తర్వాత ఎంతసేపు చల్లారనిస్తాడు? పిలవని ఆలోచనలన్నీ వచ్చాయి. ఒంటరి మనిషి. పడిపోతే పక్కింటివాళ్లకి కూడా తెలీదు. నిన్న వెళ్లేటప్పుడు "నీ చేతి మీద నాకు ఎంత నమ్మకమో" అన్నాడు, తను ఆ మాట సగం కూడా వినలేదు. అప్పటికే ఇంకో సెట్టు మూత తీస్తోంది.

ఆయన మెట్ల కిందికి చేరేసరికి పదకొండూ ఇరవై ఐదు. పైనుంచి పాట లేదు. గోడగడియారాల టకటక తప్ప ఏ చప్పుడూ లేదు. మెట్లెక్కి రెండు చేతులతో తలుపు బాదింది.

తలుపు తెరుచుకుంది. గడియారాలాయన నిలబడి ఉన్నాడు.

"ఏంటి చెల్లెమ్మా, తలుపు విరిచేస్తావా?"

ఆమె గడప మీదే కూలబడింది. తర్వాత మాటలు వచ్చాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి వచ్చాయి. ముక్క, మూత, పేపరు, బ్లీడర్, గేటు, గూడ్సు బండి. చివరికి మూత ఎత్తి చూపించింది.

"మొదలుపెట్టలేదు కదా? ముట్టుకోలేదు కదా?"

"ఇంకా లేదులే. ఇవాళ కొంచెం బద్ధకించాను," అన్నాడాయన.

ఆ మాట వినగానే ఆమె ఏడ్చేసింది. ఏడుస్తూనే ఆయన్ని తిట్టింది, ఫోను ఆపేసినందుకు. తనే ఆపమందని గుర్తొచ్చి తనని తిట్టుకుంది. ఆయన గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. కోడలికి ఫోను చేసి "ఉన్నారు, బాగానే ఉన్నారు," అని చెప్పింది. గుండె కాస్త కుదుటపడ్డాక లేచింది, కూర్చోవడం ఎప్పటికీ ఆమె వల్ల కాదు కనక. "పక్కకి జరగండి, ఈ దరిద్రాన్ని అతికేస్తాను."

ప్రీయాంప్ బల్ల మీద ఉంది. ప్లగ్గు పీకి ఉంది. చిన్న వాల్వులు గుడ్డ మీద వరసగా ఉన్నాయి. ఎడమచేయి జేబులో పెట్టి, అలవాటు కొద్దీ ముందు మీటరు పెట్టి చూసింది. సున్నా. మొదలుపెట్టని సెట్టులో సున్నా కాక ఏముంటుంది. అడుగురేకు విప్పడానికి చోటు చేసుకుంటూ కొత్త రెక్టిఫయర్ వాల్వుని పక్కకి జరపబోయింది.

వాల్వు వెచ్చగా ఉంది.

ఆమె దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది. ఒక్కసారి కూడా వెలగని వాల్వు వెచ్చగా ఎందుకుంటుంది? వెలిగిందంటే ట్యాంకు నిండి ఉండాలి. కుళాయి లేదు, తాగేవాళ్లు లేరు. మరి మీటరు సున్నా ఎందుకు చూపిస్తోంది? నిండిన ట్యాంకులో కరెంటు ఎక్కడికి పోయింది?

ఈ మనిషి పదకొండంటే పదకొండింటికి మొదలుపెట్టే మనిషి. బద్ధకించానంటే తను ఎలా నమ్మింది?

తలుపు ఎడమచేత్తో తీశాడు. నీళ్లు ఎడమచేత్తో ఇచ్చాడు.

"అన్నయ్యా," అంది వెనక్కి తిరక్కుండానే. "కుడిచేయి జేబులోంచి తీయండి."

"నువ్వే కదా ఒక చేయి ఎప్పుడూ జేబులో ఉండాలన్నావు," అని నవ్వబోయాడు.

"తీయండి."

తీశాడు. చూపుడువేలి కొసన తెల్లగా, గట్టిగా, సెనగగింజంత మచ్చ. అరచేతి కింది అంచున అలాంటిదే ఇంకోటి. బల్ల కింద సూది పడి ఉంది, దాని మొన కరిగి ఉండకట్టింది. ఆమె ఆ రెండు మచ్చల మధ్య దూరం చూపుతోనే కొలిచింది. గడియారాల పనివాళ్లు చేయి వణక్కుండా అరచేతి అంచు బల్లకి ఆనించి పనిచేస్తారు. ఇక్కడ ఆనించింది సెట్టు రేకుకి. కరెంటు వేలిలోంచి దూరి, అదే చేతి అంచులోంచి రేకులోకి పోయింది, మిగిలింది జారిన సూది మొన రేకుకి తగిలి పోయింది. ఎడమచేయి గనక ఆ రేకు మీద ఉండి ఉంటే ఈ తలుపు తీసేవాళ్లు ఉండేవాళ్లు కాదు.

"రెండో చేయి ఎక్కడ పెట్టారు?"

"జేబులోనే. పన్నెండేళ్లుగా చెవిలో పోరుతున్నావు కదా. టప్ మంది, కుర్చీతో సహా వెనక్కి పడ్డాను. లేచి చూస్తే పదకొండూ పంతొమ్మిది."

ప్రాణం పోయి వచ్చినా టైము చూశాడు.

"ఎందుకు అబద్ధం చెప్పారు?"

"గడప మీద కూర్చుని మూత చూపించావే, అప్పుడు నీ ముఖం చూశాను. చెప్తే రేపటి నుంచి ఐరన్ ముట్టుకోవని తెలుసు నాకు. నాకూ ఒకసారి అలాగే అయింది. ఒకావిడ చనిపోయిన వాళ్లాయన గడియారం తెస్తే, నా చేతిలో జారి ముక్కలైంది. ఆర్నెల్లు దుకాణం తెరవలేదు. నువ్వు ఆర్నెల్లు ఇంట్లో కూర్చుంటే, ఆ ఇంట్లోవాళ్లు ఏమవుతారు?"

ఆమెకు నవ్వు రాలేదు. "ఇదే ఆఖరు అన్నయ్యా. నిజంగానే. నాకు నిలకడ లేదు, నాలాంటిది ఈ పని చేయకూడదు."

"కర్రపుల్ల వాడమని చెప్పావు. నేను వాడలేదు. దానికి నేనేం మానెయ్యాలి?"

"మాటలొద్దు. ముందు డాక్టరు. షాక్ తిన్న గుండె సంగతి అప్పటికప్పుడు తెలీదు. నడవండి."

"ఏం అక్కర్లేదు, నేను..."

"నడుస్తారా, కింద నిలబడి ఊరందరినీ పిలవనా?"

పక్క వీధిలోని డాక్టరు గుండెకి మిషను పెట్టి కాగితం తీశాడు. ఇంకాసేపు చూసి మళ్లీ ఒకటి తీస్తానన్నాడు. ఆ గంటన్నర పాదరసమ్మ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్నిసార్లు తిరిగిందో అక్కడి నర్సుకి తెలుసు, ఎందుకంటే ఆవిడ తుడిచిన నేల రెండుసార్లు మళ్లీ తుడవాల్సి వచ్చింది. తిరుగుతున్నంతసేపూ ఆమె మనసులో ఒకటే: మూత ఎత్తి చూడాల్సింది, పేపరు ఎత్తి చూడాల్సింది. రెండో కాగితం కూడా బాగానే ఉంది. డాక్టరు చేతికి కట్టుకట్టి, ఈ రాత్రి ఎవరైనా తోడుంటే మంచిదన్నాడు.

"మా ఇంట్లో ఉంటారు," అని ఆమె ఆయన్ని అడక్కుండానే చెప్పేసింది.

సంచీ తీసుకోవడానికి మళ్లీ పైకి వచ్చారు. ఆమె మీటరు సర్దింది, ఐరన్ సర్దింది. ఆయన ప్రీయాంప్ ముందు కుర్చీలో కూర్చుని కట్టు కట్టిన చేయి చూపించాడు.

"దీంతో నేను టంకం పెట్టలేను. అది అలాగే వదిలేసి పోతావా? లోపల కుళాయి లేదని నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. రేపు నేను పోయాక దీన్ని ఎవరో ఎత్తుకుపోతారు. వాళ్లకి నువ్వు ఫోను చేయలేవు."

ఆయన్ని చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది ఆమెకి, ఎందుకంటే ఆ మాట నిజం.

ఐరన్ వేడెక్కింది. ఆమె అడుగురేకు విప్పింది, మీటరు పెట్టింది, సున్నా చూసుకుంది. ఆ ముక్కని మూతలోంచి తీసి, నిన్న తను వంచిన కాళ్లతోనే, నిన్నటి చోట పెట్టింది. సరిగ్గా సరిపోయింది. ఒక కాలు అతికింది. రెండో కాలు అతికింది. లాగి చూసింది. మూత ఎత్తి కిటికీ వెలుతురులో పెట్టి చూసింది, తలకిందులు చేసి దులిపి చూసింది, అప్పుడు రేకు బిగించింది.

మీటరు తీగలు తగిలించి, ఆ వెచ్చబడిన వాల్వునే పెట్టి, చిన్న వాల్వులు లేకుండానే వెలిగించింది. మూడొందల ఇరవై వోల్టులు. పది నిమిషాలు వెలగనిచ్చింది. స్విచ్చి ఆపింది. ప్లగ్గు పీకింది.

"ఒకటి. రెండు. మూడు."

మీటరు ముల్లు మెల్లిగా దిగడం మొదలుపెట్టింది. లెక్క నలభై దగ్గర సగం కంటే కిందికి వచ్చింది. డెబ్భై దగ్గర బాగా అడుగుకి వచ్చింది. గోడల మీది గడియారాలన్నీ ఆమెకంటే తొందరగా కొట్టుకుంటున్నాయి.

"తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. వంద."

ముల్లు సున్నా దగ్గర పడుకుంది. గడియారాలాయన కట్టు కట్టిన చేయి జేబులో పెట్టుకుని, గుడ్డ పట్టుకున్న ఎడమచేయి వాల్వు వైపు చాపాడు. మీటరు వైపు చూడనేలేదు. ఆమె వంద అంది, ఆయనకు అది చాలు. పాదరసమ్మ ఆ చాచిన చేతికి తన చేయి అడ్డం పెట్టింది.

"ఆగండి."

"సున్నా అయిందిగా చెల్లెమ్మా."

"కానివ్వండి. ఇంకో వంద."

ఆయన చేయి వెనక్కి తీసుకుని కుర్చీలో సర్దుకున్నాడు. ఆమె ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది, ఖాళీ మూత ఒళ్లో పెట్టుకుని, ఒకటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. అరవై దాకా వచ్చాక గానీ తన కాళ్లు కదలడం లేదని ఆమె గమనించలేదు. గమనించాక కూడా లెక్క ఆపలేదు.